టార్చిలో డ్రాప్-ఇన్ ఎల్ఈడీ వేస్తున్నారా? ముందు వేడికి దారి చూపించండి

"టార్చిలో పాత బల్బు తీసి, దాని స్థానంలో కొత్త డ్రాప్-ఇన్ ఎల్ఈడీ మాడ్యూల్ వేశాను. మొదటి నిమిషం ధగధగా వెలిగింది, ఆ తర్వాత డల్ అయిపోయింది. టార్చి మాత్రం చల్లగానే ఉంది, అంటే వేడి సమస్య కాదు కదా?" ఎక్కువ మంది అడిగేది ఇదే. జవాబు ఏంటంటే, చాలాసార్లు అది వేడి సమస్యే. బాడీ చల్లగా ఉండటమే దానికి గుర్తు. ఎల్ఈడీ దగ్గర పుట్టిన వేడి బాడీదాకా రావట్లేదు, లోపలే ఉండిపోయి ఎల్ఈడీని ఉడికిస్తోంది. సరిగ్గా బిగించిన టార్చిని ఫుల్ మీద పెడితే రెండు నిమిషాల్లో తల దగ్గర చేతికి వెచ్చగా తగలాలి. తగల్లేదంటే సంతోషపడకండి.

ఇక్కడ చెప్పేది పీ60 సైజు మాడ్యూళ్ల గురించి. ష్యూర్‌ఫైర్ 6పీ టార్చిలో ఉండే బల్బు సైజు అది. రిఫ్లెక్టర్ ముందు అంచు వ్యాసం సుమారు 26.5 మి.మీ. ఆ సైజుకే సోలార్‌ఫోర్స్ ఎల్2, అల్ట్రాఫైర్ 501బి, 502బి లాంటి బాడీలు వచ్చాయి. మాడ్యూల్లో ముందు రిఫ్లెక్టర్ ఉంటుంది, దాని వెనక పిల్ అని పిలిచే ఇత్తడి దిమ్మ. ఆ దిమ్మ పైన ఎల్ఈడీ, కింద డ్రైవర్ (ఎల్ఈడీకి వెళ్లే కరెంటును అదుపు చేసే చిన్న సర్క్యూట్), రెండు స్ప్రింగులు. సోల్డరింగ్ రాకపోయినా ఈ పని చేసుకోవచ్చు. ఇంట్లో ఉన్న పాత ఎవరెడీ రకం టార్చి గురించి అడిగేవాళ్లకు చివర్లో విడిగా రాశాను.

ఎన్ని ఆంపియర్ల మాడ్యూల్ కొనాలి

కొనే ముందు ఈ ఒక్క లెక్క చూసుకోండి. సుమారు 13 సెం.మీ. పొడవు, 2.5 సెం.మీ. వ్యాసం ఉన్న అల్యూమినియం టార్చి బయటి ఉపరితలం 100 చదరపు సెం.మీ. దగ్గర ఉంటుంది. గాలి కదలని చోట అది గాలికి వదిలే వేడి, చుట్టూ గాలి కంటే ఎక్కువైన ప్రతి డిగ్రీకీ ఉజ్జాయింపుగా 0.1 వాట్.

1.4 ఆంపియర్ల మాడ్యూల్ ఒక్క లిథియం సెల్లు మీద 5 వాట్లు తింటుంది. అందులో కొంత వెలుగుగా పోతే, 3 వాట్లు వేడిగా మిగులుతుంది. అంటే బాడీ చుట్టూ గాలి కంటే 30 డిగ్రీలు ఎక్కి ఆగుతుంది. హైదరాబాద్‌లో డిసెంబర్ రాత్రి 18 డిగ్రీలుంటే బాడీ 48, ఫర్వాలేదు. అదే మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయి ఫ్యాను తిరగని గదిలో గాలే 40 ఉంటే బాడీ 70 దాకా వెళ్లాలని చూస్తుంది. చేత్తో పట్టుకోలేరు, సెల్లుకూ మంచిది కాదు. చాలా 18650 సెల్లుల (18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవున్న చార్జబుల్ లిథియం సెల్లులు) డేటాషీట్లలో వాడకానికి పై హద్దు 60 డిగ్రీలే.

ఇక 2.8 ఆంపియర్ల మాడ్యూల్ అయితే వేడి 6 నుంచి 7 వాట్లు. ఈ బాడీ దాన్ని ఏ కాలంలోనూ నిలకడగా మోయలేదు. కాబట్టి ఎంత గొప్ప ఎల్ఈడీ అయినా ఫుల్ మోడ్ రెండు మూడు నిమిషాల ముచ్చటే. చేత్తో పట్టుకుని నడుస్తుంటే కొంత నయం. చెయ్యి, గాలి రెండూ వేడిని లాగేస్తాయి. టేబుల్ మీద నిలబెట్టి వదిలేయడమే అన్నిటికంటే చెడ్డది.

నా సలహా: ఒక్క మోడ్ ఉన్న 2.8 ఆంపియర్ల మాడ్యూల్ కొనకండి. లో, మీడియం, హై ఉన్నది తీసుకోండి, మీడియంలోనే వాడండి. ఒకే మోడ్ కావాలనుకుంటే 1.4 ఆంపియర్లది చాలు. 1.4కీ 2.8కీ మధ్య తేడా కాగితం మీద కనిపించినంతగా కంటికి కనిపించదు.

ఏమేం కావాలి

- పీ60 బాడీ, అల్యూమినియంది. ప్లాస్టిక్ బాడీ వద్దు.
- డ్రాప్-ఇన్ మాడ్యూల్. రంగులు సహజంగా కనపడాలంటే నిచియా 219సి ఎల్ఈడీ ఉన్నది, దూరం వెలగాలంటే ఎస్ఎస్‌టీ-20 లేదా ఎక్స్‌పీ-ఎల్ హెచ్ఐ, దగ్గర్లో విశాలంగా పరుచుకోవాలంటే ఎక్స్ఎమ్-ఎల్2. ఎల్ఈడీ కింది బోర్డు రాగిది అయితే మేలు.
- 18650 సెల్లు, దానికి సరైన చార్జరు.
- 0.1 మి.మీ. రాగి షిమ్ షీట్, అంటే పల్చటి రాగి రేకు. హైదరాబాద్‌లో అయితే రాణిగంజ్‌లో మెషినరీ సామాన్ల షాపుల్లో షిమ్ షీట్ అని అడగండి. దొరక్కపోతే ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా గోడ కూడా ఇంచుమించు అంతే మందం.
- థర్మల్ పేస్ట్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 10 ఆంపియర్ల రేంజి ఉన్న మల్టీమీటర్. ఇవి కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.
- వెర్నియర్ కాలిపర్, 400 నంబరు ఎమరీ పేపర్, కత్తెర, మందపాటి గ్లవ్స్.

మాడ్యూళ్లు, బాడీలు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే తేలిక. సెల్లు దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని కొనండి. మార్కెట్లో మామూలుగా దొరికే మంచి 18650 సామర్థ్యం 3,500 మిల్లీఆంపియర్-అవర్ల చుట్టుపక్కల ఉంటుంది. రేపర్ మీద 9,900 అని ఉందంటే అది సెల్లు కాదు, వేళాకోళం. తూకం వేసి చూడండి. అసలైనది 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. బాగా తేలిగ్గా ఉంటే పక్కన పెట్టేయండి. పాత లాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసినదైతే ముందు వోల్టేజీ కొలవండి, 2 వోల్టుల కంటే కిందికి పడిపోయిన సెల్లును మళ్లీ చార్జ్ చేయకండి.

ఇక పని మొదలు

1. వోల్టేజీ కలుస్తుందా చూడండి.

మాడ్యూల్ మీద 2.7–4.2 అని ఉంటే అది ఒక్క లిథియం సెల్లుకు. 3–9 అని ఉంటే రెండు సీఆర్123 (చార్జ్ చేయలేని 3 వోల్టుల పొట్టి లిథియం) సెల్లులైనా, ఒక్క 18650 అయినా నడుస్తుంది. ఎక్కువ మాడ్యూళ్లు మాడిపోయేది ఇక్కడే. రెండు చార్జబుల్ 16340 సెల్లులు వేస్తే ఫుల్ చార్జ్‌లో 8.4 వోల్టులు. ఒక్క సెల్లు డ్రైవర్ అది తట్టుకోలేదు, స్విచ్చి నొక్కిన క్షణంలో పని అయిపోతుంది. సీఆర్123 వాడితే కొత్తదీ పాతదీ కలపకండి, జతగా మార్చండి.

7135 అనే, కరెంటును హద్దులో ఉంచే చిప్పులున్న డ్రైవర్ అయితే చిప్పులు లెక్కపెట్టండి. ఒక్కోటి 350 మిల్లీఆంపియర్లు. నాలుగుంటే 1.4 ఆంపియర్లు, ఎనిమిదుంటే 2.8. నాలుగే చిప్పులు పెట్టి 3 ఆంపియర్లని రాసి అమ్మితే అక్కడే దొరికిపోతారు.

ఒరిజినల్ 6పీ గొట్టంలో 18650 పట్టదు. 17670 సెల్లు వాడాలి, లేదంటే బాలానగర్ వైపు ఏదైనా లేత్ షాపులో బోర్ చేయించాలి. ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న సెల్లులు 65 కాకుండా 67 నుంచి 70 మి.మీ. పొడవుంటాయి. వెనక మూత బలవంతంగా బిగించాల్సి వస్తుంటే ఆగండి, స్ప్రింగు నలుగుతోందన్నమాట.

2. బాడీ శుభ్రం చేయండి.

తల విప్పండి. గొట్టం చివర అంచు, మాడ్యూల్ కూర్చునే వలయం, వెనక మూత లోపలి అంచు ఆల్కహాల్‌తో తుడవండి. ఈ అంచులు బోడి లోహంగా మెరవాలి. అల్యూమినియం మీద ఉండే నల్లరంగు పూత (ఆనొడైజింగ్) కరెంటును పోనివ్వదు. అంచు మీద కూడా ఆ రంగే ఉంటే ఎమరీ పేపర్‌ని అద్దం మీద పరిచి, గొట్టం అంచును దాని మీద నిటారుగా నాలుగు సార్లు తిప్పండి. గొట్టం మీది మరల (త్రెడ్ల) జోలికి మాత్రం వెళ్లకండి.

3. మాడ్యూల్ విప్పి లోపల చూడండి.

రిఫ్లెక్టర్‌ను ఎడమవైపు తిప్పితే పిల్ నుంచి ఊడుతుంది. కొన్నిట్లో జిగురు పెడతారు. బలవంతంగా తిప్పే బదులు హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి ప్రయత్నించండి. ఎల్ఈడీ గుమ్మటాన్ని వేలితో గానీ పట్టకారుతో గానీ ముట్టుకోవద్దు.

ఇప్పుడు ఎల్ఈడీ బోర్డు కింద ఏముందో చూడండి. మంచి పిల్‌లో బోర్డు కింద మొత్తం ఇత్తడి అరుగు ఉంటుంది. చవక వాటిలో పిల్ డొల్లగా ఉండి, బోర్డు అంచు మాత్రమే చుట్టూ ఆనుకుని ఉంటుంది. డొల్ల పిల్‌కు బయట ఎంత రాగి చుట్టినా సగం లాభమే. దాన్ని లో మోడ్‌లో వాడుకోండి, లేదా తిప్పి పంపేయండి.

అరుగు ఉండి, బోర్డు వదులుగా కదులుతుంటే బియ్యపు గింజంత థర్మల్ పేస్ట్ పెట్టి, బోర్డును నొక్కి అటూ ఇటూ కొద్దిగా తిప్పండి. అంచుల నుంచి సన్నగా బయటికి వస్తే చాలు. మందంగా పూస్తే మేలు కాదు, కీడు. పేస్ట్ పని రెండు లోహాల మధ్య గీతలు పూడ్చడం వరకే, అది లోహంతో సమానం కాదు.

ఫెవిక్విక్‌తో మాత్రం అతికించకండి. దాని ఆవిరి రిఫ్లెక్టర్ మీద, ఎల్ఈడీ గుమ్మటం మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. ఎం-సీల్ కూడా వద్దు, అది వేడికి అడ్డుగోడ.

రిఫ్లెక్టర్ తిరిగి బిగించే ముందు ఎల్ఈడీ చుట్టూ ఉండే ప్లాస్టిక్ లేదా ఫైబర్ వాషర్ దాని స్థానంలో ఉందో లేదో చూడండి. అది లేకపోతే రిఫ్లెక్టర్ లోహం సోల్డర్ చుక్కలకు తగిలి షార్ట్ అవుతుంది.

4. సందు కొలవండి.

అసలు కథ ఇక్కడుంది. మాడ్యూల్ ఎన్నో రకాల బాడీల్లో పట్టాలి కాబట్టి దాన్ని కాస్త సన్నగానే చేస్తారు. పిల్‌కీ బాడీ లోపలి గోడకీ మధ్య గాలి మిగులుతుంది. వేడిని మోయడంలో అల్యూమినియంతో పోలిస్తే గాలి కొన్ని వేల రెట్లు నాసి. అర మిల్లీమీటరు గాలి పొర చాలు, దారి మూసుకుపోవడానికి.

కాలిపర్‌తో బాడీ లోపలి వ్యాసం, పిల్ బయటి వ్యాసం కొలవండి. ఉదాహరణకు 22, 21 మి.మీ. వచ్చాయనుకుందాం. తేడా 1, దాన్లో సగం 0.5 మి.మీ. సందు. 0.1 మి.మీ. రాగి రేకు అయితే 5 చుట్లు. ఒక్కో చుట్టు 6.7 సెం.మీ. దాకా వస్తుంది, మొత్తం 34 సెం.మీ. పట్టీ కావాలి. వంటింటి ఫాయిల్‌తో చేస్తే అది 0.015 మి.మీ. మందమే కనుక 33 చుట్లు, రెండు మీటర్లకు పైనే. పనికొస్తుంది గానీ పొర పొరకీ మధ్య గాలి చేరుతుంది, నాలుగు సార్లు తీసి పెడితే చిరుగుతుంది. తాత్కాలికానికి ఫాయిల్, నిలకడకు రాగి.

5. చుట్టండి.

పట్టీ వెడల్పు పిల్ ఎత్తు కంటే ఒకటి రెండు మి.మీ. తక్కువ ఉండాలి. కూల్‌డ్రింక్ డబ్బా వాడుతుంటే గ్లవ్స్ వేసుకోండి, అంచు బ్లేడులా కోస్తుంది. డబ్బాకు బయట రంగు, లోపల లక్క పూత ఉంటాయి. రెండువైపులా ఎమరీతో తెల్లగా మెరిసేదాకా రుద్దండి.

పట్టీని ముందు ఒక పెన్ను మీద చుట్టి వంపు తెప్పించండి, ఆ తర్వాత పిల్ మీద బిగువుగా చుట్టండి. పైన సందులు రాకుండా వేలితో నొక్కుతూ పోవాలి. మాడ్యూల్‌ను తలలోకి తోసినప్పుడు బొటనవేలి ఒత్తిడితో, కొంచెం మెలితిప్పుతూ దిగాలి. జారి పడిపోతే ఇంకో చుట్టు, సుత్తి కావాలనిపిస్తే ఒక చుట్టు తగ్గించండి. దిగాక రిఫ్లెక్టర్ అంచు వలయం మీద పూర్తిగా కూర్చుందో లేదో చూడటం మర్చిపోవద్దు. చుట్టు మందమై మాడ్యూల్ సగంలో ఆగితే ముందు మూత బిగిసినా లోపల వెలుగు వంకరగా వస్తుంది.

అతుకు ఉన్న కాపర్ టేపు అడుగుతారు చాలా మంది. ఒకటి రెండు పొరలైతే సరే. ఐదు పొరలు చుడితే ఐదు పొరల జిగురు కూడా మధ్యలో ఉన్నట్టే.

హెచ్చరిక: పట్టీ కింది అంచు ఎట్టి పరిస్థితుల్లో పిల్ కిందికి వేలాడకూడదు. బయటి పెద్ద స్ప్రింగు నెగటివ్, దానికి రేకు తగిలినా నష్టం లేదు. మధ్యలో ఉన్న చిన్న స్ప్రింగు పాజిటివ్. ఊడిన రేకు ముక్క దానికీ బాడీకీ మధ్య పడితే 18650 సెల్లు నేరుగా షార్ట్ అవుతుంది. క్షణాల్లో స్ప్రింగు ఎర్రబడుతుంది, సెల్లు గ్యాసు చిమ్మవచ్చు.

6. సెల్లు వేయకముందే షార్ట్ చెక్ చేయండి.

మల్టీమీటర్ను కంటిన్యుయిటీలో పెట్టండి. మధ్య స్ప్రింగుకూ బాడీకీ మధ్య బీప్ రాకూడదు. పెద్ద స్ప్రింగుకూ గొట్టం అంచుకూ మధ్య రావాలి. మొదటిది మోగితే పట్టీ తీసి మళ్లీ చుట్టండి, "ఒకసారి వెలిగించి చూద్దాం" అనొద్దు. సెల్లు రేపర్ చిరిగి ఉన్నా ఇప్పుడే మార్చండి. కొన్ని డ్రైవర్లకు రివర్స్ ప్రొటెక్షన్ ఉండదు కాబట్టి ప్లస్ ముందుకే అని రెండోసారి చూసి వేయండి.

7. కరెంటు కొలవండి.

వెనక మూత తీసేయండి. ఎర్ర వైరును మీటర్ 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక మొన సెల్లు నెగటివ్ మీద, ఇంకోటి గొట్టం బోడి అంచు మీద పెట్టండి. టార్చి వెలుగుతుంది, రీడింగ్ వస్తుంది. మాడ్యూల్ చెప్పిన దానికంటే 10, 15 శాతం తక్కువ రావడం మామూలే. మీటరుతో వచ్చే సన్నటి వైర్లే కొంత తినేస్తాయి, పొట్టిగా మందంగా ఉన్న వైర్లతో చూస్తే దగ్గరికి వస్తుంది. సగమే వస్తుంటే సెల్లు బలహీనంగా ఉందనో, ఎక్కడో కాంటాక్ట్ సరిగా లేదనో అర్థం.

కొలత అవగానే ఎర్ర వైరును తిరిగి వోల్టుల రంధ్రంలోకి మార్చండి. మార్చకుండా సెల్లు వోల్టేజీ చూడబోతే అది కొలత కాదు, షార్ట్ సర్క్యూట్.

8. వేడి పరీక్ష.

రాత్రి బాత్రూంలో లైటు ఆర్పి, టార్చిని సీలింగ్ వైపు నిలబెట్టండి. నిలబడకపోతే స్టీలు గ్లాసులో పెట్టండి. అర మీటరు దూరంలో ఫోన్‌ను వెల్లకిలా ఉంచి వెలుగు కొలిచే లక్స్ మీటర్ యాప్ తెరవండి. సెల్లు ఫుల్ చార్జ్‌లో ఉండాలి, పరీక్ష అయ్యేదాకా ఏదీ కదపకూడదు. 30 సెకన్లకు, 3 నిమిషాలకు, 5 నిమిషాలకు రీడింగ్ రాసుకోండి. తల దగ్గర చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి.

వెలుగు పెద్దగా తగ్గకుండా తల త్వరగా వెచ్చబడి, ఆ వెచ్చదనం నెమ్మదిగా తోకవైపు పాకుతుంటే పని బాగా కుదిరింది. వెలుగు పడిపోతూ బాడీ చల్లగా ఉంటే దారి ఇంకా మూసే ఉంది, 3, 4, 5 అంకెలకు మళ్లీ వెళ్లాలి. వెలుగు తగ్గింది, బాడీ కూడా కాలిపోతోంది అంటే చుట్టడంలో తప్పు లేదు, వాట్లే ఎక్కువయ్యాయి.

ఇంకో చిక్కుంది. వెలుగు తగ్గడానికి సెల్లు వోల్టేజీ పడిపోవడం కూడా కారణం కావచ్చు. తేల్చుకోవడం సులువు: టార్చి ఆపి, పది నిమిషాలు చల్లారనిచ్చి, అదే చోట మళ్లీ వెలిగించండి. వెలుగు మొదటి స్థాయికి తిరిగొస్తే దోషం వేడిది, రాకపోతే సెల్లుది. అన్నట్టు, కొన్ని డ్రైవర్లు నిర్ణీత సమయం కాగానే తమంతట తామే ఒక మెట్టు దిగుతాయి. రీడింగ్ నెమ్మదిగా జారకుండా టక్కున పడితే అది డ్రైవర్ చేసే పని, మీ చుట్టు మీద అనుమానం అక్కర్లేదు.

ఐదు సెకన్లు పట్టుకోలేనంత వేడెక్కితే ఆపేయండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే మెరిసే లోహం మీద నేరుగా చూడకండి, అసలు కంటే బాగా తక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద చూడండి.

పాత ఎవరెడీ రకం టార్చి అయితే

వీటిలో సన్న మర ఉన్న బల్బో, చుట్టూ రేకు అంచున్న బల్బో ఉంటుంది. అదే దిమ్మతో ఎల్ఈడీ బల్బులు ట్రూప్ బజార్ చుట్టుపక్కల అడిగితే చూపిస్తారు. పాత బల్బు తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి సరిపోల్చుకోండి. రెండు సెల్లులకు 3 వోల్టులు, మూడింటికి 4.5 అని బల్బు మీద ఉన్నది మీ టార్చితో కలవాలి. వెలక్కపోతే పారేయకండి. ఎల్ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి, సెల్లులు తిప్పి వేసి చూడండి.

ఈ రకంలో వేడికి దారే ఉండదు. పాత ఫిలమెంట్ బల్బు వేడిని చాలావరకు ముందుకే కిరణాలుగా పంపించేది, ఎల్ఈడీ వేడి మాత్రం వెనక్కి దిమ్మలోకి దిగుతుంది. ప్లాస్టిక్ రిఫ్లెక్టర్ ఉంటే 1 వాట్ దాటొద్దు. 3 వాట్ల బల్బు పెడితే ఒకటి రెండు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత రిఫ్లెక్టర్ మెడ దగ్గర మెత్తబడి బల్బు పక్కకు ఒరుగుతుంది.

వాడుతున్నప్పుడు

ఎండాకాలం కారు డాష్‌బోర్డులో లిథియం సెల్లు ఉన్న టార్చి వదలకండి. బ్యాగులో పెట్టేటప్పుడు వెనక మూతను పావు వంతు వెనక్కి తిప్పితే, ఆనొడైజింగ్ ఉన్న మరల బాడీలో, పొరపాటున స్విచ్చి నొక్కుకున్నా వెలగదు. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజే వాడండి. వాజెలైన్ రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి, మూత తిరగడమే కష్టమవుతుంది. మాడ్యూల్ బయటికి తీసిన ప్రతిసారీ రాగి చుట్టు వదులైందేమో చూసి, మళ్లీ లోపలికి తోసేముందు 6వ అంకెలోని బీప్ చెక్ చేయండి.